పలకను ముందుగా వెనక్కి తిప్పాలి: సంతకం తేలని ఒక చిన్న ప్రతీకవాద భక్తి చిత్రానికి వెల కట్టడం

జానెడు వెడల్పున్న చెక్క పలక. బంగారు రంగు మీద కళ్లు మూసుకున్న ఒక స్త్రీ, తల చుట్టూ కాంతివలయం, చేతిలో తెల్లని లిల్లీ పువ్వు. ఆమె వెనక నీలిరంగు చెట్ల మానులు. నీడ లేదు, లోతు లేదు. కింద కుడి మూలన ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండక్షరాలు ఉన్నాయి గాని అవి ఏవో తేలవు. ఇది ఊహించుకున్న చిత్రమే. అయితే ఫ్రాన్స్‌లో, బెల్జియంలో పాత ఇళ్ల సామాను వేలానికి వచ్చినప్పుడు ఇలాంటివి నిజంగానే బయటపడుతుంటాయి. చూసినవాళ్లు వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతారు: ఎవరు గీశారు, ఎంత పలుకుతుంది?

ఆ రెండు ప్రశ్నలకూ ఆధారాలు బొమ్మ ముఖం మీద దొరికేది తక్కువ. సాధారణంగా ఒక చిత్రకారుడి చేతిని అతని గీతలో, కుంచె నడకలో, రంగుల పొందికలో పోల్చుకుంటారు. ప్రతీకవాదుల భక్తి చిత్రాల దగ్గర ఆ పద్ధతి తడబడుతుంది. వాళ్లలో చాలామంది తమ చేయి బొమ్మలో కనబడకూడదనే కోరుకున్నారు మరి. ఇది మరిచిపోయి శైలి చూసి పేరు పెట్టేయడం వల్లే ఈ రంగంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

1886 సెప్టెంబర్ 18న కవి జాన్ మొరేయాస్ పారిస్‌లోని ‘లె ఫిగారో’ పత్రికలో ప్రతీకవాద ప్రకటన అచ్చు వేయించినప్పుడు అది కవిత్వానికి సంబంధించిన మాట. 1891 మార్చిలో విమర్శకుడు ఆల్బేర్ ఓరియే చిత్రకారుడు పాల్ గోగాన్ గురించి రాసిన వ్యాసంతో ఆ పేరు చిత్రకళకూ గట్టిగా అంటుకుంది. కంటికి కనబడేదాన్ని ఉన్నదున్నట్టు దించడం కాదు, లోపలి భావానికి రూపం కట్టడం చిత్రకారుడి పని అన్నది దాని సారాంశం. అలా అనుకున్నవాళ్లు మతం వైపు తిరగడం సహజమే. 1888లో గోగాన్ ఫ్రాన్స్ పడమటి ప్రాంతమైన బ్రిటనీలో, ప్రసంగం విని వస్తున్న పల్లె స్త్రీలకు బైబిల్లోని యాకోబు దేవదూతతో కుస్తీ పట్టడం కళ్లకు కట్టినట్టు ఒక చిత్రం వేసి, దాన్ని నీజోన్ గ్రామ చర్చికి ఇవ్వబోయాడు. అక్కడి గురువు వద్దన్నాడు. చర్చి గోడ మీద చోటు దొరకని ఇలాంటి భక్తి ఇంటి గోడకు, మంచం తల వైపుకు, జపం చేసుకునే మూలకు చేరింది. ఈ చిత్రాల్లో ఎన్నో చిన్నవిగా ఉండటానికి అదొక కారణం.

ఆ కాలపు యువ చిత్రకారుల్లో మోరిస్ డెని మాటలు ఇప్పటికీ వినబడుతుంటాయి. ఒక చిత్రం యుద్ధాశ్వమో, నగ్న స్త్రీయో, కథో కావడానికి ముందు ఒక క్రమంలో రంగులు పరచిన సమతలం అని 1890లో ఆయన రాశాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ వ్యాసం కింద ఉన్నది ఆయన పేరు కాదు, పియేర్ లూయీ అన్న మారుపేరు. కర్తృత్వం గురించి ఆలోచించేవాళ్లు ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి: ఒక తరానికి దారి చూపిన వాక్యమే మారుపేరుతో వెలువడింది.

డెని మిత్రబృందానికి ‘నబీలు’ అని పేరు. హీబ్రూలో ప్రవక్తలు అని అర్థం. వాళ్లలో హాలండ్‌కు చెందిన యాన్ వెర్కాడే చివరికి జర్మనీలోని బాయిరోన్ మఠంలో బెనెడిక్టైన్ సన్యాసి అయ్యాడు. ఆ మఠంలో డెసిడేరియస్ లెంట్స్ నడిపిన చిత్రశాలకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. మనిషి ఆకారాన్ని జ్యామితి కొలతల్లో కట్టాలి. ఈజిప్టు, గ్రీకు, బైజాంటైన్ రూపాల గాంభీర్యం రావాలి. పని కలిసి చేయాలి, పేరు ఎవరిదీ ఉండకూడదు. నబీల్లో మరొకడైన పాల్ సెరూజియే అక్కడికి వెళ్లి చూసి వచ్చి, లెంట్స్ పుస్తకాన్ని ఫ్రెంచిలోకి అనువదించాడు. 1905లో అది డెని ముందుమాటతో వెలువడింది. అనామకత్వాన్నే ఆదర్శంగా పెట్టుకున్న ఒక బడి ప్రభావం ఈ వర్గమంతటి మీదా ఉందన్నమాట. అలాంటివాళ్ల చిత్రంలో ‘ఇది ఫలానా వ్యక్తి గీతే’ అని వెతకడమంటే, వాళ్లు కావాలని చెరిపేసిన గుర్తు కోసం వెతకడమే.

పైగా ఒకే మూలాన్ని పదిమంది చూసి గీశారు. బ్రిటనీలోని పోంతావెన్ ఊరి దగ్గరి త్రెమాలో ప్రార్థనామందిరంలోని కొయ్య సిలువ ప్రతిమే గోగాన్ పసుపుపచ్చ క్రీస్తుకు నమూనా. ఊళ్లలోని రాతి సిలువలు, పద్నాలుగు, పదిహేనో శతాబ్దాల ఇటాలియన్ చిత్రాల నకళ్లు, బ్రెటన్ స్త్రీల తలపాగాలు అందరి చిత్రాల్లోనూ తిరుగుతుంటాయి. సముద్రం ఒడ్డున ఉన్న ల పుల్దూ గ్రామంలో మరీ ఆన్రీ అనే ఆమె నడిపిన సత్రంలో గోగాన్, మేయర్ ద హాన్, సెరూజియే, షార్ల్ ఫిలిజే వంటివాళ్లు బస చేశారు. ఒకే బల్ల దగ్గర తిని, ఒకే గోడలు అలంకరించిన మనుషుల మధ్య రంగులూ రూపాలూ చేతులు మారకుండా ఉండవు.

ఫిలిజే సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పైన ఊహించిన పలక లాంటిది కనబడితే చాలామంది మొదట తలిచే పేర్లలో ఆయనదీ ఒకటి. అల్సాస్ ప్రాంతపు తాన్ ఊళ్లో 1863లో పుట్టాడు. బ్రిటనీలో దాదాపు ఏకాంతంగా బతికి 1928లో అక్కడే చనిపోయాడు. ఆయన భక్తి చిత్రాలు చాలావరకు చిన్నవి. వాటిలో గ్వాష్ అనే చిక్కటి నీటిరంగు ఎక్కువ, బంగారం పూత తరచు కనబడుతుంది. గాజు కిటికీల్లోలా ప్రతి రంగుకూ చుట్టూ గట్టి గీత ఉంటుంది. కౌంట్ ఆంత్వాన్ ద లా రోష్‌ఫూకో ఆయనకు డబ్బు పంపి పోషించాడు. రచయిత ఆల్ఫ్రెడ్ జారీ 1894లో ఆయన మీద వ్యాసం రాశాడు. తర్వాత సర్రియలిస్టు కవి ఆంద్రే బ్రెతోన్ ఆయన చిత్రాలు కూడబెట్టాడు. ఇంత మంచి చిత్రకారుడికి ఇప్పటికీ రావలసినంత పేరు రాలేదు. పేరు అంతగా తెలియదు, చిత్రాలు తక్కువ, తెలిసినవాళ్లలో మాత్రం గిరాకీ ఎక్కువ. బంగారం, గట్టి గీత, మూసిన కళ్లు కనబడగానే ‘ఫిలిజే’ అనేయాలన్న ఆశ పుట్టేది అందుకే.

తెలుగు పాఠకులకు ఈ రోగం కొత్తది కాదు. కర్త తెలియని శృంగార చాటువు దొరికితే అది శ్రీనాథుడి ఖాతాలోకి, వెటకారపు పద్యం దొరికితే తెనాలి రామకృష్ణుడి ఖాతాలోకి వెళ్లిపోతుంది. పద్యం బాగుండటం ఒక సంగతి, అది ఆయనదే కావడం వేరొక సంగతి. చిత్రాల దగ్గరా అంతే. అయితే ఇక్కడ పేరు మారితే వెల కూడా మారుతుంది కాబట్టి ఆశ మరింత బలంగా ఉంటుంది.

కాలం విషయంలోనూ శైలి తప్పుదారి పట్టిస్తుంది. డెని, జార్జ్ దేవాలియేర్ కలిసి 1919లో పారిస్‌లో పవిత్ర కళాశాలలు స్థాపించారు. యుద్ధంలో కూలిన చర్చిలకు చిత్రాలు, గాజు కిటికీలు కావలసి వచ్చిన రోజులవి. అక్కడ నేర్చుకున్నవాళ్లు గురువు 1890లలో వాడిన మెత్తని రంగులు, వంపు తిరిగిన గీతలు, తోటల్లో నడిచే పవిత్ర స్త్రీలను తమ తమ శక్తి మేరకు కొనసాగించారు. కాబట్టి 1895 నాటిదనిపించే పలక నిజానికి 1925 నాటి ఒక విద్యార్థి సాధన కావచ్చు. అందులో మోసం ఏమీ లేదు. మోసం మొదలయ్యేది తర్వాతెవరో దాని మీద అక్షరాలు చేర్చినప్పుడే.

ఇంకొక అవకాశాన్ని మదింపు చేసేవాళ్లు తరచుగా మరిచిపోతారు. 1892 నుంచి 1897 వరకు రచయిత జోసెఫాన్ పెలదాన్ పారిస్‌లో ఆరుసార్లు రోజ్-క్రువా ప్రదర్శనలు జరిపించాడు. మొదటిది 1892 మార్చిలో ద్యురాన్-రుయెల్ గ్యాలరీలో తెరుచుకుంది. చరిత్ర ఘట్టాలు, సైనిక దృశ్యాలు, పల్లె జీవితం, హాస్యం వంటివి అక్కడ పనికిరావు. కేథలిక్ భావన, పురాణం, స్వప్నం కావాలి. స్త్రీల రచనలు ప్రదర్శించబోమని నియమావళిలోనే రాశారు. ఆ తలుపు మూసి ఉన్నంత మాత్రాన స్త్రీలు చిత్రాలు వేయడం మానలేదు. మఠాల్లో, ఇళ్లలో, ప్రైవేటు అకాడమీల్లో వేస్తూనే ఉన్నారు. పేరు తెలియని చిన్న భక్తి చిత్రం ముందు నిలబడి పది మంది ప్రసిద్ధ పురుషుల పేర్లే తలచుకోవడం ఆనాటి నియమావళిని ఈనాడూ పాటించడమే అవుతుంది.

ఇక పలకను తిప్పాలి.

ఈ తరానికి అత్యంత విలువైన చిన్న చిత్రం ఏదంటే సెరూజియే 1888 అక్టోబరులో పోంతావెన్ దగ్గర చెక్క మీద వేసిన ‘తాలిస్మాన్’. కొలతలు 27 × 21.5 సెంటీమీటర్లు. ముందువైపు చూస్తే పసుపు, నీలం, ఎరుపు మచ్చలు, ఒక నీటి అద్దం. వెనక మాత్రం చేతిరాతలో ఒక వాక్యం ఉంది: గోగాన్ దర్శకత్వంలో, 1888 అక్టోబరులో, పోంతావెన్‌లో పి. సెరూజియే చేసినది అని. కర్త, గురువు, నెల, ఊరు అన్నీ ఒక్క వాక్యంలో. తర్వాత అది డెని దగ్గర ఉండి, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. వెనకవైపు రాత, చేతులు మారిన వరస రెండూ కలిసి ఆ పలకను సందేహాలకు అతీతంగా నిలబెట్టాయి. ముందువైపు ఎంత గొప్పదైనా ఒంటరిగా ఆ పని చేయలేదు.

అన్ని పలకలకూ అంత అదృష్టం ఉండదు గాని, వెనకవైపు పూర్తిగా మూగగా ఉండటం అరుదు. ఫ్రాన్స్‌లో కాన్వాసులు, పలకలు నంబర్ల ప్రకారం అమ్మేవారు. మనుషుల బొమ్మలకు వాడే వరుసలో 3 నంబరు అంటే 27 × 22 సెంటీమీటర్లు, 5 నంబరు అంటే 35 × 27. కొలత ఆ వరుసలో కుదిరితే అది ఫ్రెంచి దుకాణం సరుకు అయ్యే అవకాశం పెరుగుతుంది. కుదరకపోతే పలకను తర్వాత కోశారా అన్నది అంచుల్లో వెతకాలి. రంగుల వ్యాపారి ముద్ర ఉంటే ఇంకా మంచిది. ముద్రలో వీధి పేరు, ఇంటి నంబరు ఉంటాయి. దుకాణాలు చిరునామాలు మార్చేవి, వారసులు పేర్లు మార్చేవారు. ఆ మార్పుల తేదీలు పాత వాణిజ్య డైరెక్టరీల్లో దొరుకుతాయి. చిత్రం ఫలానా ఏడాదికి ముందు పుట్టి ఉండదు అని చెప్పడానికి ఇంతకన్నా చవకైన సాక్ష్యం లేదు. అయితే కొన్న పలక పదేళ్లు అటక మీద పడి ఉండి తర్వాత చిత్రం కావచ్చు. అందుకే ముద్ర ముందు హద్దును చెబుతుంది గాని వెనక హద్దును చెప్పదు.

పలక దేనితో చేసినదో కూడా చూడాలి. రంపం గీతలు వంకరగా చేతితో కోసినట్టున్నాయా, యంత్రంతో సమంగా కోసినట్టున్నాయా? అంచులు పల్చగా చెక్కారా? చెక్క గుజ్జును నొక్కి చేసే గట్టి అట్ట 1920లలో వచ్చిన సరుకు. దాని మీద 1893 అని తేదీ ఉంటే చర్చ అక్కడితో ముగుస్తుంది. పలక వెనక గోధుమరంగు కాగితం అంటించి ఉంటే దాన్ని చింపకూడదు. చిత్రాలు బాగుచేసే నిపుణుడి చేత తడిపించి విడదీయించాలి. కాగితం కింద పాత చీటీలు ఉండటం మామూలే.

ఆ చీటీల్లో చదవడానికి ఎంతో ఉంటుంది. ప్రదర్శన చీటీ మీది నంబరును ఆ ఏటి క్యాటలాగుతో పోల్చవచ్చు. రోజ్-క్రువా ప్రదర్శనలకు అచ్చు క్యాటలాగులు ఉన్నాయి. 1891 నుంచి లె పెలెత్యే వీధి 47 నంబరులోని తన చిన్న దుకాణంలో యువ చిత్రకారుల ప్రదర్శనలు పెట్టిన లె బార్క్ ద బూత్‌విల్ వంటి వ్యాపారుల పేర్లూ కనబడవచ్చు. సుద్దముక్కతో రాసిన అంకెలు వేలంశాల గుర్తులు. నీలి పెన్సిల్ అంకె వ్యాపారి ఖాతా పుస్తకంలోని వరస సంఖ్య కావచ్చు. కస్టమ్స్ ముద్ర దేశం దాటిన జాడ. హేగ్‌లోని ఆర్‌కేడీ అనే కళాచరిత్ర సంస్థ, లండన్‌లోని విట్ లైబ్రరీ, న్యూయార్క్‌లోని ఫ్రిక్ గ్రంథాలయం వంటి చోట్ల చిత్రాల ఫొటోలు పేర్లవారీగా భద్రపరిచి ఉన్నాయి. పాత వేలం క్యాటలాగుల్లో చాలావాటిని ఇప్పుడు ఇంటి నుంచే చదవవచ్చు. ఒక పలక కోసం వారం రోజులు ఇవి తిరగేయడం ఎక్కువ పని కాదు. నిజమైన మదింపులో సగం పని ఇదే.

కొందరు చిత్రకారులు పని తేలిక చేసి పోయారు. ఓదిలోన్ రెదోన్ తన చిత్రాలను సొంత ఖాతా పుస్తకంలో వరసగా రాసుకున్నాడు. ఆయన వేసిన తిరుహృదయం పాస్టెల్ చిత్రం చూసి, అలాంటిదే మరొకటి తన దగ్గరా ఉందనుకునేవారు మొదట ఆ వరసల్లో సరిపోయే ముక్క ఉందేమో చూడాలి. లేనంత మాత్రాన నకిలీ అని కాదు. ఉంటే మాత్రం అది పెద్ద ఊతం.

చిత్రకారుడి సొంత రాతనూ అలాగే నమ్మేయకూడదు. గోగాన్ తోటి చిత్రకారుడు ఎమీల్ బెర్నార్ తన చిత్రాల్లో కొన్నింటికి తర్వాత ముందటి తేదీలు వేశాడు. కొత్త శైలిని ఎవరు ముందు కనిపెట్టారన్న విషయంలో గోగాన్‌తో అతనికున్న తగవు అందుకు కారణం. సంతకం అసలుదే, చేయి అసలుదే, తేదీ మాత్రం అబద్ధం. అనామక పలక మీది తేదీని ఎంత జాగ్రత్తగా తీసుకోవాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

చీటీలు కూడా అబద్ధం ఆడతాయి. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాచ్చి ఏళ్ల తరబడి నకిలీ చిత్రాలు సృష్టించి, వాటి వెనక ఆల్ఫ్రెడ్ ఫ్లెష్ట్‌హైమ్ అనే నిజమైన వ్యాపారి సేకరణ పేరుతో కల్పిత చీటీలు అంటించాడు. చిత్రకారుడు హైన్రిష్ కాంపెన్‌డాంక్ 1914లో వేసినదని చెప్పిన గుర్రాల చిత్రం ఒకటి 2006లో కొలోన్ వేలంలో 28 లక్షల 80 వేల యూరోలకు అమ్ముడుపోయింది. రంగును పరీక్షిస్తే టైటానియం వైట్ బయటపడింది. ఆ తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే. 2011లో కొలోన్ కోర్టు బెల్ట్రాచ్చికి ఆరేళ్ల శిక్ష వేసింది. చీటీ అచ్చు తీరు, జిగురు, కాగితం వయసు చీటీలోని మాటలతో సరిపోవాలన్న సంగతి ఆ కేసుతో అందరికీ తలకెక్కింది.

ముందువైపుకు రావలసింది ఇప్పుడే. మొదటి పరికరం పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం. దానికింద సన్నని చుక్కల వల కనబడితే అది అచ్చు కాగితం మీద రంగు పూసి వార్నిష్ వేసిన బొమ్మ. పారిస్‌లోని సెయింట్ సూల్పీస్ చర్చి చుట్టుపక్కల దుకాణాల నుంచి భక్తి బొమ్మలు లెక్కలేనన్ని అచ్చై ఊరూరా వెళ్లిన కాలం అది. కాబట్టి ఈ పరీక్షను చిన్నచూపు చూడకూడదు.

తర్వాత అతినీలలోహిత కాంతి. చీకటి గదిలో ఆ దీపం కింద పాత సహజ జిగురు వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, జింక్ వైట్ పసుపుపచ్చగా వెలుగుతుంది, తర్వాత దిద్దిన చోట్లు నల్లని మచ్చల్లా తేలుతాయి. అల్లుకున్న అక్షరాలు వార్నిష్ పైన తేలుతున్నాయా, కిందనే ఉన్నాయా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది. రంగు ఎండి పగుళ్లు వచ్చిన తర్వాత రాసిన అక్షరం పగుళ్లలోకి దిగుతుంది. మొదటే రాసినదైతే పగులు అక్షరాన్నీ చీల్చుకుంటూ పోతుంది. ఈ తేడా చూడటానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు, ఓపిక చాలు.

రంగుల రసాయన పరీక్షను పగలగొట్టలేని సాక్ష్యంగా చాలామంది భావిస్తారు. దాని బలం ఒక వైపే ఉంటుంది. కాడ్మియం రెడ్ వ్యాపార సరుకుగా వచ్చింది 1910 ప్రాంతంలో, థాలోసయనిన్ నీలం 1935లో. ఇవి మూల రంగులో దొరికితే 1890ల తేదీ కూలిపోతుంది. అయితే అవి తర్వాత దిద్దిన చోట దొరికితే అసలు చిత్రానికి వచ్చిన నష్టం లేదు. నమూనా ఎక్కడి నుంచి తీశారన్నది అంత ముఖ్యం. ఇక అన్నీ పాత రంగులే దొరికాయనుకుందాం. దానివల్ల చిత్రం ఆ కాలానిది కావచ్చు అని మాత్రమే తేలుతుంది. జింక్ వైట్, సీసపు తెలుపు, కృత్రిమ అల్ట్రామెరీన్, కోబాల్ట్ నీలం 1890లో ఫిలిజే దగ్గరా ఉన్నాయి, 1925లో విద్యార్థి దగ్గరా ఉన్నాయి, పక్కింటి సరదా చిత్రకారిణి దగ్గరా ఉన్నాయి. రసాయనం పేరును కొట్టివేయగలదు గాని పెట్టలేదు.

బంగారం గురించి రెండు మాటలు. అసలు బంగారు రేకు నల్లబడదు. రాగి, జింక్ కలిసిన పొడితో చేసిన కంచు రంగు కాలంతో గోధుమగానో, ఆకుపచ్చగానో మారుతుంది. కాంతివలయం అంచున ఆ పచ్చదనం ఉంటే చవక సరుకు వాడారని తెలుస్తుంది, అంతే. పేదరికంలో ఉన్న మంచి చిత్రకారుడూ దాన్ని వాడవచ్చు. రేకు అంటించిన తీరు మాత్రం మాట్లాడుతుంది. ఎర్రమట్టి పూత మీద అంటించి రాయితో నునుపు చేసి ఉంటే, ఆ వ్యక్తి పాత ఇటాలియన్ల పద్ధతి నేర్చుకున్నవాడో, నేర్చుకున్నదో అయి ఉండాలి. అలా నేర్చుకున్న చిత్రకారుల జాబితా చిన్నది. వెతుకులాట అక్కడి నుంచి కొంచెం ఇరుకవుతుంది.

ఈ తరానికే చెందిన మరొక చిక్కు మెరుపు లేని ఉపరితలం. ప్యువీ ద షావాన్ గోడచిత్రాల ప్రభావంతో వీళ్లలో చాలామంది గోడ సున్నంలా పొడిగా కనబడే రంగును ఇష్టపడి వార్నిష్ వేయలేదు. తర్వాత వచ్చిన వ్యాపారులు మెరుపు కోసం పూశారు. ఒకసారి జిగురు ఇంకిన పొడి రంగు మళ్లీ మొదటిలా కాదు. పాత వార్నిష్ లేదని అనుమానించడం, ఉందని సంతోషించడం రెండూ ఇక్కడ తలకిందులవుతాయి. వార్నిష్ ఎరగని పలకే ఎక్కువ విలువైనది, దాన్ని శుభ్రం చేయించాలన్న తొందరే దానికి పెద్ద ముప్పు.

ఇంత చేశాక పేరు ప్రస్తావన. వేలం క్యాటలాగుల్లో పేరు ముందు వచ్చే మాటలు మర్యాద కోసం వాడేవి కావు. ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కొక్క మాటకు అర్థం కట్టిపెట్టింది. పేరు ఒక్కటే రాస్తే కర్త ఆయనే అని హామీ. ‘ఆయనకు ఆపాదించినది’ అంటే ఆయన కాలంలో పుట్టినదే, ఆయనే కావడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి అని. ‘ఆయన చిత్రశాల’ అంటే ఆయన కనుసన్నల్లో తయారైనది అని. ‘ఆయన తీరులో’, ‘ఆయన ధోరణిలో’ వంటి మాటలకు కర్త గురించి గానీ కాలం గురించి గానీ ఏ హామీ లేదు. చదివేవాళ్లకు ఇవన్నీ ఒకేలా వినబడతాయి, ధరలో మాత్రం అగాధమంత తేడా.

ఆ అగాధం ఎంత లోతో పూసాన్ కేసు చూపించింది. 1968లో ఒక దంపతులు తమ పాత చిత్రాన్ని పారిస్‌లో వేలానికి ఇచ్చారు. నిపుణుడు దాన్ని ఇటలీకి చెందిన కరాచ్చి చిత్రకారుల బడి చిత్రం అన్నాడు. 2,200 ఫ్రాంకులు పలికింది. ఫ్రెంచి ప్రభుత్వం, వేలంలో పలికిన ధరకే తాను కొనుక్కోగల ముందస్తు హక్కు వాడి దాన్ని తీసుకుంది. త్వరలోనే అది లూవ్ర్ మ్యూజియంలో పదిహేడో శతాబ్దపు ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు నికొలా పూసాన్ చిత్రంగా గోడకెక్కింది. దంపతులు కోర్టుకు వెళ్లారు. 1978లో అత్యున్నత న్యాయస్థానం అమ్మకందారులు కూడా పొరపాటు పడ్డారని వాదించవచ్చని తేల్చింది. అమ్మకం చివరికి 1980లలో రద్దయింది. దాదాపు ఇరవై ఏళ్లు నడిచిన ఆ తగవులో ఉన్నది ఒకే చిత్రం. దాని మీద ఒక్క గీత కూడా మారలేదు.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం 2002లో గోగాన్ శిల్పం అనుకుని కొమ్ముల తల ఒకటి కొన్నది. గోగాన్ తన రాతప్రతిలో అంటించుకున్న ఫొటోల్లో ఆ తల కనబడటమే కర్తృత్వానికి పెద్ద ఆధారమైంది. తర్వాతి పరిశోధన ఆ ఆధారాన్ని నిలబెట్టలేదు. ఇప్పుడు దాన్ని కర్త తెలియని శిల్పంగానే చూపుతున్నారు. తన పుస్తకంలో ఒక వస్తువు ఫొటో పెట్టుకున్నంత మాత్రాన ఆ వస్తువు తాను చేసినదని కాదు కదా.

వెల కట్టేటప్పుడు ఒక తప్పు లెక్క తరచు వినబడుతుంది. ‘ఫిలిజేది అయితే వంద, కాకపోతే రెండు, అయ్యే అవకాశం నాలుగో వంతు, కాబట్టి పాతికకు పైన’ అంటారు. బజారు ఆ లెక్క ఎరగదు. కొనేవాళ్లు నాలుగో వంతు చిత్రకారుణ్ని కొనరు. ఆ చిత్రకారుడి రచనల సమగ్ర జాబితా తయారు చేసేవాళ్లు ఒప్పుకుంటే ఒక ధర, ఒప్పుకోకపోతే వేరొక ధర. మధ్యలో ఉన్నదల్లా ఆశపడే వ్యాపారుల పందెం. అందుకే ఈ రోజు రాసే మదింపు ఈ రోజు రుజువైన మాట మీదే నిలవాలి. పోల్చే అమ్మకాలు కూడా అలాంటివే కావాలి: పేరు తేలని, ఇదే కొలత, ఇదే కాలం, ఇదే స్థితిలో ఉన్న చిత్రాలు. ప్రసిద్ధుడి ధరను తెచ్చి అందులోంచి కొంత తగ్గించడం పద్ధతి కాదు. పోల్చేటప్పుడు సుత్తి పడిన ధరా, కొనుగోలుదారు కమిషన్ కలిపిన ధరా అన్నది చూసుకోవాలి. అచ్చయిన ఫలితాల్లో రెండూ కలగలిసి ఉంటాయి. మదింపు దేనికోసమో కూడా రాయాలి. బీమాకు రాసే అంకె కొత్తగా అలాంటిది కొనడానికయ్యే ఖర్చు, వారసుల పంపకానికి రాసేది అమ్మితే వచ్చే సొమ్ము. రెండూ ఒకటి కావు.

పేరు కన్నా ముందు ధరను పూర్తిగా ఆపేయగల ప్రశ్న ఇంకొకటి ఉంది: 1933 నుంచి 1945 దాకా ఈ పలక ఎవరి దగ్గర ఉంది? నాజీలు యూదు కుటుంబాల నుంచి దోచిన, బలవంతంగా అమ్మించిన చిత్రాల్లో చిన్నవి, చేతిలో పట్టేవి ఎన్నో ఉన్నాయి. అలాంటి చిత్రాల గురించి దేశాలు ఒప్పుకున్న 1998 వాషింగ్టన్ సూత్రాల తర్వాత పేరున్న వేలంశాలలు ఆ పన్నెండేళ్ల ఖాళీని ఊరికే వదలవు. దోపిడీకి, దొంగతనానికి గురైన చిత్రాల సమాచార నిధుల్లో వెతకడం, వెతికినట్టు రాతపూర్వకంగా పెట్టుకోవడం తప్పనిసరి. ఒక కుటుంబం నుంచి లాక్కున్న ప్రార్థనా చిత్రానికి ‘మంచి ధర’ అనేది లేదు. దాన్ని తిరిగి ఇవ్వడమే పని.

మదింపు రాసేవాళ్లు ఆ చిత్రాన్ని కొనకూడదు, దాని ధరలో వాటా తీసుకోకూడదు. ఇది చెప్పనక్కరలేనంత స్పష్టం. అయినా చెప్పాలి. ఇంటి పెద్ద పోయిన తర్వాత గది ఖాళీ చేస్తున్న కుటుంబానికి ఇదంతా అడిగే తీరిక ఉండదు.

మొదట చెప్పిన పలక విషయంలో ఈ శోధనంతా చేసి, వెనక రంగుల వ్యాపారి ముద్ర తప్ప ఇంకేమీ దొరకలేదనుకుందాం. నిజాయితీగా రాసే నివేదికలో ఉండేది ఇంతే: ఫ్రెంచి బడి, సుమారు 1890 నుంచి 1925 మధ్య, చెక్క మీద తైలవర్ణం, బంగారు రేకు, మంగళవార్తకు (యేసు పుడతాడని దేవదూత చెప్పిన ఘట్టానికి) సంబంధించిన మరియమాత కావచ్చు, తేలని అక్షరాలు మూల రంగుతో పాటే రాసినవి, వార్నిష్ లేదు. దాని కింద వెల, వెల ఏ అవసరానికో, ఏ తేదీన కట్టినదో. ‘ఫిలిజే తీరులో’ అన్న మాట అక్కడ చేరకూడదు. అది చేరిన మరుక్షణం నుంచి ఆ పలక మరొకరి నీడలో పడిపోతుంది. తర్వాత వెతికేవాళ్లు ఆ ఒక్క పేరు చుట్టూనే తిరుగుతారు. బంగారాన్ని రాయితో నునుపు చేయడం నేర్చుకున్న ఆ అసలు మనిషి కోసం ఎవరూ వెతకరు.

నివేదికకు ముందువైపు ఫొటో ఒకటి చాలు. వెనకవైపు, నాలుగు అంచులు, ముద్ర, అక్షరాలు, అతినీలలోహిత కాంతిలో తీసినవి మాత్రం అన్నీ జతచేయాలి. తడిపి విడదీసిన గోధుమ కాగితాన్ని పారేయకూడదు. ఆమ్లం లేని కవరులో పెట్టి, ఏ పలక నుంచి, ఏ రోజు, ఎవరు తీశారో కవరు మీద పెన్సిల్‌తో రాసి, పలకతో పాటే ఉంచాలి.